క్లచ్ మీద చెక్కముక్క

పొద్దున్నే ఆ ఇంట్లో ఎవరి గోల వాళ్లది. అమ్మ కుట్టుమిషన్ మీద గుడ్డ తీసి, సూదిలోకి దారం ఎక్కడం లేదని సూదినీ దారాన్నీ వాటిని తయారుచేసినవాణ్నీ కలిపి తిడుతుంది. నాన్న బస్ డిపోకి టైమైపోతోందని సగం గీసిన గడ్డంతో ఇల్లంతా తిరుగుతూ తువ్వాలెక్కడని అరుస్తాడు. తువ్వాలు ఆయన భుజం మీదే ఉంటుంది. నాయనమ్మ వంటింట్లో టీ వడగడుతూ అందరికీ "సరే, సరే" అంటుంది. పిల్ల మాత్రం ఇవేవీ పట్టించుకోకుండా ఇంటి పక్క షెడ్డులోకి పోయి, ఎర్ర ట్రాక్టర్ ఎక్కి సెల్ఫ్ కొడుతుంది. ట్రాక్టర్ ఒక్క దగ్గు దగ్గుతుంది. అంతే. ఆ తర్వాత ఎన్నిసార్లు కొట్టినా ఉలుకూ ఉండదు, పలుకూ ఉండదు.

"పలికిందా?" అని నాయనమ్మ వంటింటి కిటికీలోంచి అడుగుతుంది.

"లేదు నాయనమ్మా."

"సరే," అని ఆవిడ గ్లాసులు సర్దుకుంటుంది.

పిల్ల అంటున్నానే గానీ చదువు పూర్తయి ఉద్యోగం చేస్తున్న మనిషి. వీధి వీధంతా 'గ్రీజు' అంటారు. మోచేతులకీ చెవి తమ్మెలకీ అంటుకున్న ఆ నలుపు ఏ సబ్బుకీ వదలదు మరి. అసలు పేరు పెట్టి పిలిస్తే ఇప్పుడు తనే పలకదు.

ఆ ఎర్ర ట్రాక్టర్‌కి రోగమేమన్నా ఉంటే బాగానే ఉండేది. ఒళ్లు మండే సంగతేమిటంటే, దానికి ఏ రోగమూ లేదు. డీజిల్ లైనులో గాలి తీసింది, నాజిళ్లు విప్పి కడిగింది, పంపు చూపించింది, కొత్త బ్యాటరీ వేసింది. కంప్రెషన్ దిట్టంగా ఉంది. చివరికి వీధి మొదట్లో దుకాణం ఉన్న ముసలి మెకానిక్‌ని బతిమాలి తీసుకొస్తే, ఆయన బానెట్ మీద చెవి ఆనించి కాసేపు విని, "రోగం కాదమ్మా, అలక" అనేసి పానాలు సంచిలో వేసుకున్నాడు. అలక తీర్చడం మెకానిక్ పని కాదు. అది ఇంట్లోవాళ్లు చూసుకోవాలి.

ట్రాక్టర్ అన్నాక ఎక్కువకాలం ఎవరు నడిపితే వాళ్ల గుణం దానికి పడుతుంది. ఇది అందరికీ తెలిసిందే. ఇప్పుడొచ్చే వాటికి పట్టదు, వాటిలో ఇనుము కంటే బటన్లే ఎక్కువ. పాతవాటికి మాత్రం చెమట ఇంకినట్టు ఇంకిపోతుంది. అందుకే పాత ట్రాక్టర్ కొనేవాడెవడైనా టైర్లు చూడకముందే, నడిపిన మనిషి ఎలాంటివాడని అడుగుతాడు.

ఈ కాలం పిల్లలకి పాత ట్రాక్టర్ల పిచ్చి ఎందుకు పట్టిందని పెద్దవాళ్లు తెగ బుర్ర బద్దలుకొట్టుకుంటారు గానీ, కాస్త ఆలోచిస్తే తెలియదా? పొద్దున లేచింది మొదలు వాళ్లు తాకే ప్రతి వస్తువూ అణకువగా ఉంటుంది. ఫోన్ అలగదు. లిఫ్ట్ ఎదురు చెప్పదు. గ్రీజు పనిచేసేది ఒక స్కూటర్ల షోరూమ్‌లో, సర్వీస్ కౌంటర్ దగ్గర. రోజంతా ఒక తెరని వేలితో నొక్కుతుంది, ఆ తెర ప్రతి నొక్కుకీ థాంక్యూ అంటుంది. సాయంత్రమయ్యేసరికి ఎవరితోనైనా పోట్లాడితే బాగుండునని వేళ్లు జివ్వుమంటాయని తనే ఒకసారి చెప్పింది. సరిగ్గా అప్పుడే తనతో చదువుకుని బ్యాటరీల దుకాణంలో చేరిన స్నేహితుడు, అందుకే వాణ్ని అందరూ 'బ్యాటరీ' అంటారు, వాళ్ల మేనమామ కోళ్ల గూడుగా వాడుకుంటున్న ఒక నీలం ట్రాక్టర్‌ని ఊరికే ఇస్తాడట, తెచ్చుకుందామా అన్నాడు.

అది ఒక టీచరమ్మ నడిపిన బండి. సెలవుల్లో సొంత పొలం తనే చేసుకునేదట ఆవిడ. చుట్టూ ఒక్కరు మాట్లాడుతున్నా ఆ బండి స్టార్టయ్యేది కాదు. అందరూ నోళ్లు మూసుకుని, చేతులు కట్టుకుని నిలబడితే అప్పుడు బుద్ధిగా మొదలయ్యేది. ఇద్దరూ పడీ పడీ నవ్వారు. నవ్వితే మళ్లీ ఆగిపోయింది. ఆ దెబ్బతో ఇద్దరికీ పిచ్చి ముదిరింది. తర్వాత ఒక పిసినారి బండి దొరికింది. డీజిల్ చుక్క చుక్క తాగుతుంది గానీ ఎత్తు వస్తే ఆగి, ఎక్కడం అవసరమా అన్నట్టు ఆలోచిస్తుంది. ఇంకొకటి ఎవరో పిరికాయన బండి, మలుపు కనబడితే చాలు దానంతటదే హారన్ కొట్టుకుంటుంది. వీళ్లని చూసి బ్యాంకులో పనిచేసే అమ్మాయొకతె ఒకటి కొంది. ఆమెని చూసి ఇంకో నలుగురు. ఊరి చివర పాడుబడ్డ గోడౌన్ ఒకటి అందరూ కలిసి శుభ్రం చేసుకున్నారు. ఆదివారం వస్తే చాలు, అక్కడ బతిమాలడాలూ బెదిరించడాలూ వినబడతాయి. పిల్లలు తుక్కు పోగేస్తున్నారని పెద్దవాళ్ల ఏడుపు. నన్నడిగితే, పోట్లాడ్డానికి మనుషుల్ని పోగేసుకుంటున్నారు.

మిగతావాళ్లకి అది సరదా. గ్రీజుకి కాదు. అన్ని బండ్ల గుణాలూ నేర్చుకుంటున్నది ఈ ఎర్ర బండి కోసమే. ఇది తాతయ్య ట్రాక్టర్. ఇంట్లో అందరూ అలాగే అంటారు, వీధిలోనూ అలాగే అంటారు. తాతయ్య ఆరడుగుల మనిషి, ఆయన పిలిస్తే వీధి చివర కుక్క కూడా తోక ఆడించేది. మనవరాలంటే ప్రాణం. ఆయన పోయినప్పుడు గ్రీజు వేరే ఊళ్లో పరీక్షలు రాస్తోంది. చివరి పరీక్ష అయ్యేదాకా చెప్పొద్దని వాళ్ల నాన్న అందరికీ ఆనపెట్టాడు. వచ్చేసరికి ఆయన కుర్చీ కూడా తీసేశారు. ఆ కోపం నాన్న మీద ఇప్పటికీ ఉంది దానికి. తాతయ్యది ఇంకేమీ మిగల్లేదు, ఈ ట్రాక్టర్‌లో పడిన ఆయన గుణం తప్ప. అది ఒక్కసారి పలికితే ఆయన్ని విన్నట్టే. అందుకే ప్రతి పొద్దునా ఆ సీటు మీద కూర్చుని, "తాతయ్యా, ఇవాళైనా లే," అని చెవిలో చెప్పినట్టు చెప్పి సెల్ఫ్ కొడుతుంది.

ఇలా ఉండగా వాళ్ల నాన్న ఒకరోజు టీ తాగుతూ, షెడ్డు టైల్స్ వ్యాపారికి గోడౌనుగా ఇచ్చేస్తున్నానని చెప్పాడు. మనిషి చెడ్డవాడు కాదు, ఓపికే లేదు. బస్సులు టైముకి బయల్దేరేలా చూడడం ఆయన ఉద్యోగం. ఇంట్లో మనుషులు కూడా టైముకి బయల్దేరాలంటాడు. షెడ్డులోని నడిచే బండ్లు ఎక్కడికి తోలుకుపోతారో తోలుకుపొమ్మన్నాడు. నడవనిదాన్ని ఆదివారం పాత ఇనుమతను లారీ తెచ్చి పట్టుకుపోతాడన్నాడు.

"అమ్మా, నీకేమన్నా అభ్యంతరమా?" అని గుమ్మం దాటుతూ అడిగాడు, చెప్పులు తొడుక్కుంటూ.

"సరే నాయనా," అంది నాయనమ్మ.

ఊరి చివర తమ గోడౌనుకి లాక్కుపోదామంటే అదీ కుదరదు. సొంత ఇంజన్ మీద రాని బండిని అక్కడ రానివ్వరు. అలిగినదాన్ని తాడు కట్టి ఈడ్చుకొచ్చి పెడితే పక్కనున్నవి కూడా మూతి ముడుచుకుంటాయి. ఇంతకుముందు ఒకసారి ఎవరో అలా చేసి, గోడౌనులో ఒక్క బండి కదలక అందరి తల ప్రాణం తోకకొచ్చింది. అప్పటినుంచీ ఆ నియమం గట్టిగా పాటిస్తున్నారు.

ఇక గ్రీజు పడ్డ పాట్లు చెబితే జాలేస్తుంది. తాతయ్యకి పొగడ్త ఇష్టం. కాబట్టి బానెట్ తుడుస్తూ పొగిడింది. నీలాంటి బండి ఈ చుట్టుపక్కల ఉందా, ఇప్పటివాళ్లు నీ కాలిగోటికి సరిపోతారా అంది. దగ్గు. తాతయ్యకి రేడియోలో వార్తలు ఇష్టం. పాత రేడియో తెచ్చి మడ్‌గార్డ్ మీద పెట్టింది. దగ్గు. ఎదురు తిరిగితే ఆయన హుషారయ్యేవాడు కదా అని తిట్టి కూడా చూసింది. మళ్లీ అదే దగ్గు. తాతయ్య అలకలు గ్రీజుకి తెలియనివా? కూరలో ఉప్పు తక్కువైందని అలిగితే టీ చల్లారేలోపే మర్చిపోయి, నవ్వుతూ వచ్చి కూర్చునేవాడు. ఇన్నేళ్లు ఒకే అలక పట్టుకుని కూర్చునే ఓపిక ఆ మనిషికి ఎక్కణ్నించి వచ్చిందో దానికి అంతుబట్టలేదు. అప్పుడే కాస్త ఆగి ఆలోచించి ఉండాల్సింది. ఎవరాలోచించారు?

బ్యాటరీ వచ్చి తన తెలివి చూపించాడు. పాత బండ్లు సేకరించేవాళ్లందరికీ ఒక జబ్బుంటుంది, దానిపేరు 'ఒరిజినల్'. కంపెనీలోంచి వచ్చినప్పుడు ఎలా ఉందో అలాగే ఉండాలి, తర్వాత ఎవరు ఏం తగిలించినా అది చెత్త. తాతయ్య ట్రాక్టర్ కొన్నరోజు దానిమీద కూర్చుని దిగిన ఫొటో ఒకటి హాల్లో ఉంది. అచ్చం ఆ ఫొటోలో ఉన్నట్టు చేస్తే, ఆ రోజు సంతోషం గుర్తొచ్చి అలక దిగుతుందన్నాడు. మునిగేవాళ్లకి ఏది దొరికితే అదే ఆధారం కదా, గ్రీజు సరేనంది.

ఇద్దరూ షోరూమ్‌కీ దుకాణానికీ సెలవు పెట్టి పనిలోకి దిగారు. ఫొటోలో సీటు వెనక్కి ఉంది. బండికేమో సీటు పూర్తిగా ముందుకి జరిపి, తుప్పుపట్టి బిగుసుకుపోయి ఉంది. సుత్తితో కొట్టి కొట్టి వెనక్కి జరిపారు. స్టీరింగ్‌కి ఎవరో గుడ్డపీలికలు మెత్తగా చుట్టి కుట్టేశారు. వాటిని బ్లేడుతో కోసేశారు. మడ్‌గార్డ్‌కి నీళ్లసీసా తగిలించుకునే కొక్కెం ఒకటుంటే ఊడబీకారు. క్లచ్ పెడల్ మీద అరచేయంత మందం చెక్కముక్క ఒకటి, బోల్టులు దిగ్గొట్టి బిగించి ఉంది. పైన నున్నగా అరిగిపోయి, మధ్యలో చిన్న గుంట. "ఎవడు పెట్టాడ్రా ఈ దరిద్రం," అన్నాడు బ్యాటరీ. గ్రీజు దాన్ని ఊడదీసి, అమ్మ కుట్టుమిషన్ కాలు ఒకటి ఎగుడుదిగుడుగా ఉంటే దానికింద పెట్టింది. చివరికి ఎర్రరంగు వేశారు. ట్రాక్టర్ ఫొటోలోంచి దిగొచ్చినట్టు తళతళలాడింది.

మర్నాడు పొద్దున గ్రీజు ఎక్కి కూర్చుని, తాతయ్యని తలుచుకుని, సెల్ఫ్ కొట్టింది.

దగ్గు కూడా లేదు.

"పలికిందా?" అని కిటికీలోంచి నాయనమ్మ.

"దగ్గు కూడా పోయింది నాయనమ్మా."

నాయనమ్మ సరే అనలేదు. కొత్త రంగు వైపు, వెనక్కి జరిగిన సీటు వైపు కాసేపు చూసి, కిటికీ రెక్క మూసేసింది. ఆ రోజు టీలో చక్కెర లేదు. నాన్న ఒక గుటక తాగి మొహం చిట్లించి డిపోకి పోయాడు. అమ్మ తనే డబ్బా తీసి కలుపుకుంది. అంతకుమించి ఎవరూ పట్టించుకోలేదు.

ఆ సాయంత్రం గ్రీజూ బ్యాటరీ షెడ్డులో కొట్టుకున్నంత పని చేశారు. నీ ఒరిజినల్ పిచ్చే కొంప ముంచిందని ఇదీ, మీ తాత మొండితనానికి నన్నంటావేమని వాడూ. మిగతా బండ్లని గోడౌనుకి తోలుకుపోతూ వాడు వెనక్కి తిరిగి కూడా చూడలేదు. షెడ్డులో ఎర్ర బండొక్కటే మిగిలింది.

శనివారం నాన్నకి సెలవు. చొక్కా గుండీ కుట్టించుకోవడానికి అమ్మ మిషన్ దగ్గరికొచ్చి, కిందికి చూసి, "ఇదేంటి ఇక్కడుంది? ఇది మా అమ్మ చెక్క కదా," అన్నాడు.

పక్కనే నేలమీద కూర్చుని షోరూమ్ యూనిఫామ్‌కి అంటిన మరక రుద్దుతున్న గ్రీజు తలెత్తింది. "నాయనమ్మ చెక్కేంటి నాన్నా?"

"క్లచ్ మీదది. అమ్మకి కాలు అందేది కాదుగా, తనే చెక్కించి పెట్టుకుంది."

ఆయన బస్సు ఎన్నింటికో చెప్పినంత మామూలుగా చెప్పుకుపోయాడు. తాతయ్య ట్రాక్టర్ కొన్నాడు, వీధిలోంచి దర్జాగా తోలుకుపోయేవాడు. రోడ్డు మీద బాగానే ఉండేదిగానీ చాళ్లలోకి దిగి బండి ఊగిందంటే ఆయనకి కళ్లు తిరిగేవి. అందుకని గట్టు దగ్గర దిగిపోయేవాడు. అక్కడినుంచి నాయనమ్మే ఎక్కేది. దున్నడం, బరువులు లాగడం, సర్వీసింగ్, అన్నీ నాయనమ్మే. తాతయ్య గట్టు మీద కూర్చుని అటు పోనీ, ఇటు పోనీ అని కేకలేసేవాడు. నాయనమ్మ ఎటు పోవాలో అటే పోయేది. సాయంత్రం మళ్లీ రోడ్డెక్కాక ఆయనెక్కేవాడు.

"మరి అందరూ తాతయ్య ట్రాక్టర్ అంటారేం?"

"కొన్నది ఆయన కదే."

"నాకెందుకు చెప్పలేదు నాన్నా?"

"ఇందులో చెప్పడానికేముంది? అందరికీ తెలిసిందేగా. నువ్వు ఎప్పుడన్నా పొలానికి వచ్చావా, అడిగావా?"

చెప్పండి, ఎవరికి మాత్రం ఒళ్లు మండదు? గ్రీజు ఆ చెక్కముక్కని ఒక్క లాగు లాగింది. మిషన్ ఒరిగి, కుట్టు వంకర పోయి, అమ్మ నెత్తీనోరూ కొట్టుకుంది. గ్రీజు వినిపించుకోకుండా నేరుగా మెకానిక్ దుకాణానికి పోయి చెక్కముక్క ఆయన మొహం ముందు పెట్టింది. ఆయన దాన్ని చూసి ముసిముసిగా నవ్వాడు. అవును, బండి తెచ్చేది ఆవిడే, నేను బిగించిన నట్లని నమ్మక మళ్లీ తనే బిగించుకుని చూసుకునేది, అబ్బో, మహా కోపిష్ఠి అన్నాడు. మరి ఆ రోజే చెప్పొచ్చుగా అని గ్రీజు గుడ్లురిమితే, అలక అని చెప్పాను కదమ్మా, ఎవరిదని నువ్వడగలేదు అన్నాడు.

మహా కోపిష్ఠి అట. ఎవరు? పొద్దున్నుంచి సాయంత్రం దాకా సరే తప్ప ఇంకో మాట రాని నాయనమ్మ.

గ్రీజు షెడ్డులోకి వచ్చి, తడి ఇంకా పూర్తిగా ఆరని ఆ ఎర్రరంగుకి వీపు ఆనించి కూలబడి ఏడ్చింది. నాయనమ్మ కోసం కాదు, అబద్ధమెందుకు, తాతయ్య కోసమే ఏడ్చింది. ఆయన ఇందులో లేడు. రోడ్డు మీద కాస్తంత దూరం తప్ప, ఎప్పుడూ లేడు. ఇన్నాళ్లూ ప్రతి పొద్దునా తాతయ్యా తాతయ్యా అని ఎవరితో చెప్పుకున్నట్టు? ఆ పిలుపులన్నీ వంటింటి కిటికీ దాకా వినబడే ఉంటాయని అప్పుడు తట్టింది దానికి. ఏడుపు ఆగిపోయి, సిగ్గు ముంచుకొచ్చింది.

నాయనమ్మ వంటింట్లో గ్లాసులు కడుగుతోంది. గ్రీజు చెక్కముక్కని గట్టు మీద పెట్టింది. నాయనమ్మ తడిచేయి కొంగుకి తుడుచుకుని, దాని మధ్యలో ఉన్న గుంటని బొటనవేలితో ఒకసారి తడిమింది.

"నీకు కోపం వచ్చిందా నాయనమ్మా?"

"నాకెందుకే కోపం."

"చివరిసారి ఎప్పుడు నడిపావు?"

ఆ ప్రశ్న ఆ ఇంట్లో ఎవరూ ఆవిడని అడగలేదు. ఆవిడ కుళాయి కట్టేసింది.

"మీ తాతకి గట్టు మీద నెప్పొచ్చిన రోజు. బండి చాలు మధ్యలో ఆపేసి పరిగెత్తాను. తర్వాత మీ నాన్న ఎవరితోనో బండి తెప్పించి షెడ్డులో పెట్టించి, తాళంచెవి జేబులో వేసుకున్నాడు. పలకరించడానికి వచ్చినవాళ్లు పొలం కౌలుకి ఇచ్చెయ్యమన్నారు, ఇచ్చేశాడు. ఇక నువ్వు విశ్రాంతి తీసుకో అమ్మా అన్నాడు. సరే అన్నాను."

"వద్దని చెప్పొచ్చుగా."

"మొగుడు పోయిన మనిషి పొలం సగంలో ఉంది, పోయి దున్నుకొస్తాను అంటే ఏమంటారే? పిచ్చి పట్టిందనుకుంటారు. ఆయన పోయాడని ఏడ్చాను, అందరూ చూశారు. పొలం పోయిందని ఏడవడానికి నాకు చోటు దొరకలేదు." ఆవిడ చెక్కముక్కని గట్టు మీద టక్కున కొట్టింది. "సగం దున్నిన పొలం ఎంత అసహ్యంగా ఉంటుందో తెలుసా నీకు? ఇప్పటికీ కళ్లు మూస్తే అదే కనిపిస్తుంది. దానికి తోడు పొద్దున్నే నువ్వొకదానివి, నా సీటెక్కి, తాతయ్యా లే, తాతయ్యా లే."

గ్రీజు కడిగిన గ్లాసొకటి అందుకుని తుడిచింది. రేపు వస్తావా అని మాత్రం అడిగింది. నాయనమ్మ సరే అనలేదు, రాననీ అనలేదు. కుళాయి తిప్పి మిగతా గ్లాసులు కడిగింది.

ఆదివారం పొద్దున్నే గ్రీజు బోల్టులు బిగిస్తోంది. మొన్నటి కోపం దిగమింగుకుని బ్యాటరీ కూడా వచ్చాడు, సీటు ముందుకి జరపడానికి. వెనక్కి జరిపేటప్పుడు పడిన కష్టం కంటే రెట్టింపు పడ్డారు. ఇంతలో ఇనుమతని లారీ వచ్చి షెడ్డు ముందు ఆగింది. దాని వెనకే టైల్స్ వ్యాపారి టేపు పట్టుకుని దిగి గోడలు కొలవడం మొదలుపెట్టాడు. నాన్న సగం గడ్డంతో అటూ ఇటూ తిరుగుతూ, కానివ్వండి కానివ్వండి అంటున్నాడు. ఇనుమతని మనిషి ట్రాక్టర్ ముందు ఇరుసుకి గొలుసు తగిలించాడు.

నాయనమ్మ అప్పుడొచ్చింది. చెప్పులు గుమ్మం దగ్గరే వదిలేసింది. చెక్కముక్క వంక చూసి, తిరగేసి బిగించారు, గుంట మడమ వైపు ఉండాలి అంది. గ్రీజు విప్పి మళ్లీ బిగించింది. నాయనమ్మ మడ్‌గార్డ్ పట్టుకుని, ఒక కాలు మెట్టు మీద వేసి, ఎవరి చెయ్యీ అందుకోకుండా ఎక్కి కూర్చుంది. ఆ సీటులో ఆవిడ అచ్చంగా సరిపోయింది. పాదం చెక్క మీద పడింది.

సెల్ఫ్ కొట్టింది. దగ్గు. మళ్లీ కొట్టింది. దగ్గు. ఆవిడ చెయ్యి తీసేసి ఊరికే కూర్చుంది. గ్రీజు ఇరుసుకి తగిలించిన గొలుసు వంక చూసింది. ఇక దీనికి దిక్కులేదు, ఈవిడక్కూడా పలకలేదంటే.

"అమ్మా, దిగు," అన్నాడు నాన్న. "లారీవాళ్లు ఎంతసేపు ఆగుతారు?"

"ఆగనీ," అంది నాయనమ్మ.

నాన్నకి అర్థం కాలేదు. ఆ మాట ఆవిడ నోట ఆయనెప్పుడూ వినలేదు. పాపం, గొంతు తగ్గించి, టైల్స్ ఆయనకి మాటిచ్చాను కదమ్మా, నిన్ను అడిగే కదా ఇచ్చాను, సరే అన్నావు కదా అన్నాడు.

"చెప్పులు తొడుక్కుంటూ అడిగావు. కూర్చుని అడిగి ఉంటే వద్దనేదాన్ని." నాయనమ్మ స్టీరింగ్ రెండు చేతులతో పట్టుకుంది. "ఈ షెడ్డు నేను ఎవరికీ ఇవ్వను. ఈ బండీ ఇవ్వను. తూర్పు వైపు పొలం ముక్క నాకు కావాలి. నాకు కోపం వచ్చింది రా. ఎప్పుడో వచ్చింది."

ఆవిడ సెల్ఫ్ కొట్టలేదు. తాళంచెవి ముట్టుకోలేదు. ట్రాక్టర్ తనంతట తనే ఒక్కసారి ఒళ్లు విదిలించి, పైకి నల్లగా పొగ చిమ్మి, షెడ్డు రేకులన్నీ అదిరిపోయేలా మొదలైంది. టైల్స్ వ్యాపారి టేపు సర్రున డబ్బాలోకి పోయింది. ఇనుమతను అనుభవజ్ఞుడు, అలాంటి బండ్లని చాలా చూసినవాడు. ఎవరూ చెప్పకుండానే గొలుసు విప్పి, లారీని వెనక్కి తీయించాడు. నాన్న దారిలోంచి పక్కకి జరిగాడు. జరిగి, "సరే అమ్మా," అన్నాడు.

గొర్రు తగిలించమని నాయనమ్మ గ్రీజుకి చెప్పింది. షెడ్డు మూల పడున్న ఇనుప గొర్రుని తనూ బ్యాటరీ ఈడ్చుకొచ్చి తగిలించారు. గ్రీజు మడ్‌గార్డ్ మీదికెక్కింది. వీధిలో జనం చూశారుగానీ ఎవరూ విడ్డూరంగా చూడలేదు, అందరికీ తెలిసిందేగా. మెకానిక్ దుకాణంలోంచి తొంగిచూసి, చాలా రోజులైంది అమ్మగారూ అన్నాడు. నట్లు సరిగ్గా బిగించడం ఇప్పటికైనా నేర్చుకున్నావా అని నాయనమ్మ ఇంజన్ చప్పుడు మీదుగా అరిచింది. ఆయన మళ్లీ ముసిముసిగా నవ్వాడు.

కోత అయిపోయి పొలం ఖాళీగా ఉంది. కౌలుకి చేసేవాడు గట్టు మీద నిలబడి ఉన్నాడు. తూర్పు ముక్క ఇకనుంచి నేనే చేసుకుంటాను, మిగతాది నువ్వు చేసుకో అని నాయనమ్మ అంటే, వాడు ముందు నీళ్లు నమిలాడు. ట్రాక్టర్ ఒక్కసారి గట్టిగా రొద పెట్టింది. వాడు తల గోక్కుని సరేనన్నాడు.

బండి చాళ్లలోకి దిగింది. గొర్రు నేలలోకి దిగింది. కింద మట్టి రెండువైపులా విచ్చుకుంటోంది, బండి పడవలా అటూ ఇటూ ఊగుతోంది. నాయనమ్మ వెనక్కి చూడదు, పక్కకి చూడదు, పళ్లు బిగించి తిన్నగా పోతోంది. గ్రీజు ఇన్ని ట్రాక్టర్లు పోగేసింది గానీ, అన్నీ రోడ్డు మీద తిప్పినవే. దున్నే పొలంలోకి ఎప్పుడూ ఏ బండీ దించలేదు. సగం చాలు పోయేసరికి దాని మొహం పాలిపోయింది. మడ్‌గార్డ్ గట్టిగా పట్టుకుంది. కళ్లు మూసుకుంది. తెరిచింది. లాభం లేకపోయింది.

"నాయనమ్మా, ఆపు. నాకు కళ్లు తిరుగుతున్నాయి."

నాయనమ్మ క్లచ్ తొక్కింది. తిరిగి మనవరాలి మొహంలోకి చూసింది, చాలాసేపు చూసింది. ఆవిడ పెదాలు కదిలాయి. నవ్వడం కూడా మర్చిపోయిన మనిషి, మొదట ఎక్కడ మొదలుపెట్టాలో తెలియనట్టు నవ్వింది.

"అచ్చం మీ తాత," అంది. "దిగు. పోయి ఆ గట్టు మీద కూర్చో."

గ్రీజు దిగి, తూలుకుంటూ పోయి, గట్టు మీద గడ్డి కప్పేసినా ఒక మనిషి పట్టేంత పల్లంగా ఉన్న చోట కూర్చుంది. కళ్లు తిరగడం తగ్గాక చూస్తే, బండి నేల అంచుకి దగ్గరగా పోతోంది.

"ఇటు పోనీ నాయనమ్మా, ఇటు," అని కేకేసింది.

నాయనమ్మ ఎటు పోవాలో అటే పోయింది.